చిప్ప, బొగ్గు, కార్బన్ – ఎవరి వాటా ఎంత?

(స్వయం సహాయక సంఘాలతో పనిచేసే కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం "వ్యవసాయ వ్యర్థాల నుంచి యాక్టివేటెడ్ కార్బన్ తయారీ – మహిళలకు ఉపాధి". ఇందులో "వ్యర్థాలు" అన్న మాట దగ్గర నాకు ఒక పేచీ ఉంది. "ఉపాధి" అన్న మాట దగ్గర ఇంకో పేచీ ఉంది. మధ్యలో ఉన్న కార్బన్ సంగతి మాత్రం కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠంగా చెప్పినదే. కాబట్టి ముందు పాఠం చెప్పేసి, తర్వాత పేచీలకు వస్తాను. పాఠం తెలియకుండా పేచీ పెట్టుకుంటే ఎదుటివాడు సులభంగా నోరు మూయించేస్తాడు.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉత్తేజిత కర్బనం అంటారు. ఆ పేరు విన్నంత మాత్రాన అదేమిటో ఎవరికీ అర్థం కాదు కనక మనం కార్బన్ అనే అనుకుందాం. బల్లమీద రెండు గాజు సీసాలున్నాయి, చూడండి. రెండింటిలోనూ బట్టలకు వేసే ద్రవ నీలిమందు నాలుగేసి చుక్కలు కలిపిన నీళ్ళే. ఒకదానిలో పొయ్యిలో ఆర్పిన కట్టెబొగ్గు దంచి రెండు చెంచాలు వేశాను. రెండోదానిలో అదే కొలతకి ఫ్యాక్టరీలో చేసిన కొబ్బరిచిప్ప కార్బన్ వేశాను. మీరు టీ తాగి వచ్చేలోపు రెండింటినీ బాగా కలిపి ఉంచాం. నా మాటలు అయ్యేలోపు వడబోసి చూద్దాం.

కట్టెబొగ్గుకీ కార్బన్‌కీ తేడా రంగులో లేదు, రంధ్రాల్లో ఉంది. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ చేతికి అంటుకుంటాయి. కానీ కార్బన్ పలుకు లోపలంతా కంటికి కనపడని సన్నని రంధ్రాలు. ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే మంచి రకం కార్బన్ ఒక్క గ్రాములో సుమారు వెయ్యి చదరపు మీటర్ల మేర ఉంటుంది. కోస్తావాళ్ళ లెక్కలో పాతిక సెంట్లు, తెలంగాణవాళ్ళ లెక్కలో పది గుంటలు. చిటికెడు పొడిలో పాతిక సెంట్ల నేల! మనలో ఎంతమంది పేరున పాతిక సెంట్ల పట్టా ఉందో తర్వాత లెక్కపెట్టుకుందాం.

నీళ్ళలోని రంగు, వాసన, కొన్ని రకాల పురుగుమందుల అవశేషాలు ఈ గోడలకి వచ్చి పట్టుకుంటాయి. స్పాంజి నీళ్ళు పీల్చుకున్నట్టు కాదు ఇది. చేలో నడిచివస్తే పల్లేరుకాయలు చీర అంచుకి పట్టుకుంటాయే, అలాగ. అంచు నిండిపోయాక కొత్త కాయ పట్టుకోవడానికి చోటుండదు. కార్బన్ కూడా అంతే, నిండిపోయాక పనిచేయదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నీళ్ళ ఫిల్టర్ల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఇక తయారీ. ఇందులో రెండు అంచెలున్నాయి. ఈ రెంటినీ కలిపేసి ఒకటే అన్నట్టు చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

మొదటి అంచె బొగ్గు చేయడం. కొబ్బరిచిప్పను గాలి సరిగా ఆడనివ్వకుండా 400 నుంచి 600 డిగ్రీల వేడిలో కాల్చాలి. గుంట తీసి కాల్చే పద్ధతి ఉంది, నూనె డ్రమ్ముకి అడుగున కన్నాలు పెట్టి కాల్చే పద్ధతి ఉంది. అడుగున కొన్ని చిప్పలు అంటించి, పొరమీద పొర వేసుకుంటూ పోయి, నిండాక మూత పెట్టి, కన్నాలు మట్టితో మెత్తి, చల్లారేదాకా వదిలేస్తారు. 100 కిలోల చిప్పకి సుమారు 25 నుంచి 30 కిలోల బొగ్గు వస్తుంది. మిగిలిన 70 కిలోలూ ఎక్కడికి పోయాయి? పొగలోకి పోయాయి. అందులో నీటి ఆవిరి ఉంది, తారు ఉంది, కొరుకుడు వాసన వేసే ఆమ్లాలున్నాయి, కార్బన్ మోనాక్సైడు ఉంది. ఈ పొగ ఎవరు పీలుస్తారన్నది రెండో పేచీలో వస్తుంది.

రెండో అంచెలో ఆ బొగ్గుని కార్బన్‌గా మారుస్తారు. బొగ్గుని కొలిమిలో 900 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చి దానిలోకి నీటి ఆవిరి పంపుతారు. ఆ వేడిలో ఆవిరి బొగ్గును కొద్దికొద్దిగా తినేస్తుంది. తిన్న బొగ్గు కార్బన్ మోనాక్సైడుగా, దానితోపాటు హైడ్రోజన్, ఈ రెండు వాయువులుగా బయటికి పోతుంది. చెదపురుగు వాసాన్ని తొలిచినట్టు, పోయినచోటల్లా రంధ్రం మిగులుతుంది. అంటే కొంత సరుకు పోగొట్టుకుంటేనే మిగిలిన సరుకుకి విలువ వస్తుంది. మూడు కిలోల బొగ్గుకి సుమారుగా ఒక కిలో కార్బన్ అని లెక్క. మొదటినుంచీ చూస్తే పది కిలోల చిప్పకి ఒక కిలో. ఒక కాయ చిప్ప 100 నుంచి 150 గ్రాములు తూగుతుంది కాబట్టి కిలో కార్బన్ వెనకాల 70 నుంచి 100 కొబ్బరికాయలున్నాయన్నమాట.

ఆవిరికి బదులు ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి తక్కువ వేడిలో కాల్చే పద్ధతి కూడా ఉంది. కట్టెపొట్టు లాంటి మెత్తని పదార్థాలకు ఎక్కువగా వాడతారు. తర్వాత ఆ ఆమ్లం పోయేదాకా నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. ఆ కడుగునీళ్ళు ఎక్కడికి వదులుతారని అడగకుండా ఏ సంఘమూ ఈ పద్ధతికి ఒప్పుకోకూడదు. ఇంటి పెరట్లో చేసుకోదగ్గ పని కాదిది.

తయారైనది నిజంగా కార్బనేనా, ఉత్త బొగ్గా అని తేల్చడానికి పరీక్ష ఉంది. గ్రాము పొడి ఎన్ని మిల్లీగ్రాముల అయొడిన్‌ను పట్టుకుంటుందో కొలుస్తారు. దాన్నే అయొడిన్ నంబరు అంటారు. నీటి శుద్ధికి వాడే మంచి చిప్ప కార్బన్‌కి అది 1000 చుట్టుపక్కల ఉంటుంది. డ్రమ్ములో కాల్చిన బొగ్గు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. కొనేవాడు చూసేది ఈ నంబరునే. ఏ శిక్షణ కార్యక్రమంలోనైనా దీని ఊసు రాలేదంటే, అక్కడ నేర్పేది బొగ్గు కాల్చడం మాత్రమేనని అర్థం.

ఏ పదార్థంతోనైనా కార్బన్ చేయొచ్చా? ప్రయోగశాలలో ఐదు గ్రాములు చేయాలంటే దేనితోనైనా చేయొచ్చు. పత్తికట్టె, మొక్కజొన్న కండె, చెరకుపిప్పి, వేరుశనగ పొట్టు, చింతపిక్క, వీటన్నిటిమీదా మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరిగాయి. టన్నుల లెక్కన చేయాలంటే వేరు. కొబ్బరిచిప్ప గట్టిది, బూడిద తక్కువ, సన్నని రంధ్రాలు ఎక్కువ, నీళ్ళలో నలిగి పొడి కాదు. అందుకే దానికంత గిరాకీ. వరి ఊకలో ఆరో వంతో అయిదో వంతో బూడిదే, అందులో నూటికి 90 పైన సిలికా, అంటే ఇసుక జాతి. దానితో చేసిన కార్బన్ అంత మేలు రకం కాదు. అయితే ఊక బూడిదకి వేరే ఉపయోగాలున్నాయి. 2009లో టాటావాళ్ళు తెచ్చిన స్వచ్ఛ్ నీళ్ళ ఫిల్టరులో వాడింది ఊక బూడిదే. జీడిపెంకు సంగతి మరీ వేరు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళకి ఆ పెంకులోని నూనె ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. అది కాలితే వచ్చే పొగ కూడా అలాంటిదే.

పాఠంలో చివరిమాటగా కొంచెం చరిత్ర. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువు వదిలింది. అప్పటినుంచీ సైనికుల ముఖాలకి తొడుగులు కావలసి వచ్చాయి, ఆ తొడుగుల్లోకి కార్బన్ కావలసి వచ్చింది. 1918లో అమెరికాలో పీచ్ పండ్ల టెంకలు, గింజల పెంకులు పారేయకుండా దాచి ఇవ్వమని గృహిణులకీ బడిపిల్లలకీ ప్రభుత్వం, రెడ్‌క్రాస్ పిలుపునిచ్చాయి. న్యూయార్కులోని లాంగ్ ఐలాండ్ సిటీలో ఆ తొడుగులు తయారుచేసిన ఫ్యాక్టరీలో వేలమంది పనిచేశారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. నవంబరులో యుద్ధం ఆగింది, ఆ పనీ ఆగింది. వంటింట్లో మిగిలేదానికి విలువ ఉందని ప్రభుత్వాలకి తెలిసిన సందర్భాలు ఇలాంటివే!

ఇక మొదటి పేచీ. వ్యర్థం అని ఎవరంటున్నారు?

కాగితాలమీద ప్రాజెక్టు రాసేవాళ్ళు "రైతులు తగలబెట్టేస్తున్న వ్యర్థాలు" అని మొదలుపెడతారు. తగలబెడుతున్న మాట కొంత నిజమే. కానీ పత్తి తీత అయిపోయాక చేలో నిలబడ్డ కట్టె సంగతి చూడండి. దాన్ని పీకి చేను ఖాళీ చేయడం కష్టమైన పని. చాలా ఊళ్ళలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ఆ పని చేసి, కట్టె మోపులు కట్టి తెచ్చుకుంటారు. రైతుకి చేను ఖాళీ అవుతుంది, వీళ్ళకి పొయ్యిలోకి కట్టె దొరుకుతుంది. మధ్యలో డబ్బు కదలదు కాబట్టి ఏ లెక్కలోకీ రాదు. కందికట్టె కూడా ఇంతే. కోత అయిన చేలో పరిగె ఏరుకోవడం ఇలాంటిదే. ఇవి ఎవరూ రాసివ్వని హక్కులు. పట్టా లేదు, రసీదు లేదు, "ఎప్పటినుంచో ఉన్నదే" అన్న ఒక్క మాటే దానికి ఆధారం. సెంటు భూమి లేని మనిషికి మరొకరి భూమిమీద ఉన్న ఆ కాస్త చొరవ రేపు లారీ వచ్చి నిలబడగానే పోతుంది. కట్టెకి టన్నుకింత అని ధర కట్టగానే ఆ ధర భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళ చేతికి వెళుతుంది. భూమి ఎవరి పేరున ఉందో మనకి తెలుసు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. వరి ఊకతో ఒకసారి జరిగింది. మిల్లు దగ్గర ఊక ఒకప్పుడు అడిగినవాళ్ళకి అడిగినంత దొరికేది. ఊక పొయ్యిమీద కుటుంబాలు వండుకున్నాయి, ఇటుకలు కాల్చుకున్నాయి. 1990ల చివర, 2000ల మొదట్లో మన రాష్ట్రంలో ఊకతో, ఇతర పంట వ్యర్థాలతో కరెంటు తీసే ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. ఊకకి ధర వచ్చింది, ఆ ధర పెరుగుతూ పోయింది. తర్వాత ఆ ధర ఆ ఫ్యాక్టరీలకే గిట్టుబాటు కాలేదు. ప్రాజెక్టు నివేదికల్లో ఊక ధరమీద చర్చ కనిపిస్తుంది. ఊక పొయ్యిమీద వండుకున్న ఆడమనిషి తర్వాత దేనితో వండుకుందో వాటిలో కనపడదు.

గ్యాసు వచ్చింది కదా అంటారు. 1999లో ఇక్కడ దీపం పథకం వచ్చింది, 2016లో దేశమంతటికీ ఉజ్జ్వల వచ్చింది. కనెక్షన్లు వచ్చిన మాట నిజం. కానీ సిలిండరు అయిపోయి, రెండోది తెప్పించుకోవడానికి చేతిలో డబ్బులేని నెల మీరు పనిచేసే ఊళ్ళలో ఎన్ని ఇళ్ళకి వస్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ నెలకి పత్తికట్టే దిక్కు. కాబట్టి ఏ ఊళ్ళోనైనా కట్టె సేకరణ కేంద్రం పెట్టే ముందు ఆ ఊళ్ళో ఎవరెవరు ఎంతెంత కట్టె తెచ్చుకుంటున్నారో, ఎన్ని నెలలు దానిమీద వండుకుంటున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. గ్రామసభ పుస్తకంలో నమోదు చేయించండి. ఇన్ని మోపులు ఊరి ఆడవాళ్ళవి, ఆ పైనది అమ్మకానికి అని ముందే తేల్చుకుంటే, ఇప్పటిదాకా నోటిమాటగా ఉన్న హక్కు మొదటిసారి కాగితంమీదకి వస్తుంది. మనం చేయగలిగిన పనుల్లో దీన్నే అన్నిటికన్నా పెద్దదిగా నేను లెక్కవేస్తాను, కార్బన్ తయారీ కన్నా కూడా.

కొబ్బరిచిప్ప దగ్గర పరిస్థితి కొంచెం వేరు. కోనసీమ కాయలో పెద్ద భాగం పీచు ఒలిచి కాయగానే లారీలెక్కి ఉత్తరాదికి పోతుంది. చిప్ప కూడా కాయతోనే పోతుంది. ఎండు కొబ్బరి చేసేచోట మాత్రమే చిప్ప ఇక్కడ మిగులుతుంది, అది కూడా కొట్టు యజమానిది. చిప్పలోంచి కొబ్బరి తీసేది ఆడవాళ్ళే గానీ చిప్పమీద వాళ్ళకి మాట లేదు. గుళ్ళ దగ్గరా, హోటళ్ళ దగ్గరా పోగుపడే చిప్ప ఏరుకునేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళని మనం ఏ సంఘంలోనూ చేర్చుకోలేదు.

రెండో పేచీ ఉపాధి. ఈ పనిలో ఎవరెక్కడ నిలబడతారు? చిప్ప ఏరడం, పీచు గీకడం, ముక్కలు కొట్టడం, డ్రమ్ముల్లో నింపడం, కాలిన బొగ్గు జల్లెడ పట్టడం, బస్తాలకెత్తడం, ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదుగా సాగే పనులు. కొలిమి నడపడం, ఆవిరి చూసుకోవడం, పరీక్ష చేయడం, ధర మాట్లాడడం మగవాళ్ళవి. పొగా దుమ్మూ మొదటి అంచెలో ఉన్నాయి, విలువ రెండో అంచెలో ఉంది. మహిళలకు ఉపాధి అని పేరు పెట్టి ఇచ్చేది ఎప్పుడూ మొదటి అంచెనే.

బట్టీ దగ్గర కార్బన్ మోనాక్సైడు గురించి రెండు మాటలు చెప్పాలి. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కళ్ళు మండిస్తుంది కాబట్టి పక్కకి జరుగుతాం. ఇది మండించదు, కాబట్టి జరగం. తలనొప్పి, వికారం, మత్తు వస్తే ఎండదెబ్బ అనుకుని నీడలో కూర్చుంటారు, ఆ నీడ కూడా బట్టీ పక్కనే ఉంటుంది. గర్భిణిగా ఉన్న మనిషికైతే కడుపులో బిడ్డ రక్తం ఈ వాయువును తల్లి రక్తం కన్నా గట్టిగా పట్టుకుంటుంది. డ్రమ్ము పూర్తిగా చల్లారకముందే మూత తీసినా ప్రమాదమే. గాలి తగిలి బొగ్గు మళ్ళీ భగ్గుమంటుంది. త్వరగా చల్లార్చాలని నీళ్ళు కుమ్మరిస్తే ఆ నల్లనీళ్ళు ఎక్కడో ఇంకాలి. తమిళనాడులో తిరుప్పూరు జిల్లా కాంగేయం ప్రాంతంలో చిప్ప బొగ్గు బట్టీలవల్ల బావినీళ్ళు చెడిపోతున్నాయని రైతులు ఆందోళన చేసింది ఇందుకే. బావినీళ్ళు చెడితే బిందె పట్టుకుని ఇంకో మైలు నడిచేది ఎవరో వేరే చెప్పాలా?

పొగ తప్పనిసరి కాదు. ఆ పొగలో మండే వాయువులే ఎక్కువ. మూసిన బట్టీలో బొగ్గు కాల్చి, పొగని గొట్టంద్వారా పట్టి అక్కడే మండిస్తే ఆ వేడి పనికొస్తుంది. శ్రీలంకలో ఒక కంపెనీ చిప్ప బొగ్గు పొగను మండించి కరెంటు తీస్తోంది. అంటే పొగలేని బట్టీ సాధ్యమే, ఖర్చు పెట్టాలి. కూలిమనిషి ఊపిరితిత్తులు ఉచితంగా దొరుకుతున్నంతకాలం ఎవరూ ఆ ఖర్చు పెట్టరు.

కూలి సంగతి. ఇక్కడ లెక్క బస్తాకింత అని ఉంటుంది. బస్తా లెక్క అయినా రోజు చివర చేతికొచ్చేది కనీస వేతనానికి తగ్గకూడదు. ఒకే పనికి ఆడవాళ్ళకి తక్కువ ఇవ్వకూడదన్న 1976 నాటి చట్టం ఇప్పుడు 2019 వేతన కోడ్‌లో కలిసింది, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. చట్టం పేరు మారినా మనం అడిగేది మారలేదు. ఇటుక బట్టీల్లోలాగా మొగుడూ పెళ్ళాల్ని ఒక జంటగా లెక్కగట్టి డబ్బు మొగుడి చేతికిచ్చే పద్ధతి ఇక్కడికి రానివ్వకూడదు. అడ్వాన్సు మాట ఎత్తితే ఇంకా జాగ్రత్త. తుమ్మ కొట్టి బొగ్గు కాల్చే పనిలో యానాది, ఇరుళ కుటుంబాలు అడ్వాన్సు అప్పుకి వెట్టిగా చిక్కుకోవడం, అధికారులు వెళ్ళి విడిపించడం మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. వెట్టి చాకిరీ రద్దయింది 1976లోనే.

పొద్దున ఒక అక్క అడిగారు, మన సంఘమే అప్పు తీసుకుని రెండో అంచె కొలిమి పెట్టుకోకూడదా, విలువంతా మనకే వస్తుంది కదా అని. న్యాయమైన ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. రోజుకి టన్ను కార్బన్ తీసే చిన్న కొలిమికి రోజుకి మూడు టన్నుల బొగ్గు కావాలి. దానికి 10 టన్నుల చిప్ప, అంటే 70 వేల నుంచి లక్ష కాయల చిప్ప, రోజూ. 900 డిగ్రీల వేడికి తట్టుకునే ఇటుకలు, బాయిలరు, పరీక్షశాల, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు. ఒక వారం చిప్ప రాకపోతే కొలిమి చల్లారుతుంది, వడ్డీ చల్లారదు. ఊరి సంఘం ఒంటరిగా ఇందులోకి దిగొద్దు అనే నా అభిప్రాయం. పది మండలాల సంఘాలు కలిసి సమాఖ్యగా, చిప్ప ఇచ్చే కొట్లతో ముందే రాతకోతలు చేసుకుని దిగితే అప్పుడు ఆలోచించొచ్చు. అప్పటిదాకా మొదటి అంచెనే పొగ లేకుండా, మన షరతులమీద చేయడం మేలు. పత్తికట్టె అయితే కార్బన్ దాకా పోకుండా బొగ్గుగా కాల్చి పేడతో కలిపి చేలో వేసుకోవడం కూడా ఒక దారి. దానికి అయొడిన్ నంబరుతో పనిలేదు.

ఇప్పుడు సీసాలు చూద్దాం. వడబోత కాగితంలో పోయండి. కట్టెబొగ్గు వేసినదానిలోంచి ఇంకా నీలంగానే దిగుతోంది, కాస్త పలచబడింది అంతే. కార్బన్ వేసినది తేటగా దిగుతోంది. ఈ తేటనీళ్ళు చూపించే కొందరు ఫిల్టర్లు అమ్ముతున్నారు. కొన్ని సంఘాలకి ఏజెన్సీ కూడా ఇస్తామంటున్నారట. తేటగా ఉన్నంత మాత్రాన అవి తాగే నీళ్ళు కావు. కార్బన్ క్లోరిన్ వాసన తీస్తుంది, రంగు తీస్తుంది, చాలా పురుగుమందుల అవశేషాలు పట్టుకుంటుంది. 2003లో సీసా నీళ్ళలోనూ కూల్‌డ్రింకుల్లోనూ పురుగుమందులున్నాయని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టినప్పుడు కంపెనీలన్నీ మాట్లాడింది ఈ కార్బన్ గురించే. కానీ ఉప్పదనం తీయదు, నైట్రేటు తీయదు. సూక్ష్మక్రిములను చంపదు సరికదా, మార్చకుండా నెలల తరబడి వాడితే ఆ రంధ్రాల్లోనే క్రిములు పెరుగుతాయి. పల్లేరుకాయలు నిండిన అంచు సంగతి చెప్పాను కదా.

అన్నిటికన్నా ముఖ్యం, మామూలు కార్బన్ ఫ్లోరైడును లెక్కపెట్టదగినంతగా తీయదు. నల్లగొండ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడున్నారు. ఫ్లోరైడు లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు లేనిచోట ఒకటిన్నర దాకా సహించవచ్చని మన ప్రమాణం. దాన్ని తీయడానికి పటికా సున్నమూ కలిపే నల్లగొండ పద్ధతి 1970లలో నాగపూరు నీరీ సంస్థ తయారుచేసింది. యాక్టివేటెడ్ అల్యూమినా అని ఇంకో పదార్థం ఉంది. పేరులో యాక్టివేటెడ్ ఉంది కదా అని రెండూ ఒకటేనని నమ్మించేవాళ్ళున్నారు. అల్యూమినా వేరు, కార్బన్ వేరు. వంకరపోయిన కాళ్ళ పిల్లలున్న ఊళ్ళో మన సంఘం పేరుమీద కార్బన్ ఫిల్టరు అమ్మితే ఆ తల్లులకి జవాబు చెప్పుకోవలసింది మనమే. ఇంకోటి, విషం మింగిన మనిషికి ఆసుపత్రిలో తాగించేది కూడా ఈ రకం కార్బనే. అది చూసి ఇంట్లో బొగ్గు నూరి తాగించడం, దానికోసం ఆసుపత్రికి పోవడం ఆలస్యం చేయడం, ఈ రెండూ వద్దని ప్రతి సమావేశంలో చెప్పండి.

చివరిగా, బొగ్గు కొంటామని మీ దగ్గరికి వచ్చే కాగితాల గురించి. చాలావాటిలో ధర ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద "తేమకూ పొడికీ తరుగు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు బేరం అక్కడ ఉంది. తేమ ఎంతో ఎవరు తేలుస్తారు? కొనేవాడి కాంటా, కొనేవాడి కన్ను. మీరే కిలో బొగ్గు తూచి, పొయ్యిమీద మూకుడులో సన్నసెగన బొగ్గు అంటుకోకుండా కలుపుతూ తడి పోయేదాకా వేడిచేసి మళ్ళీ తూచండి. తగ్గినది తేమ. గాలి బాగా ఆడేచోట చేయండి. ఆ అంకె రాసుకుని లారీతో పంపితే అటునుంచి వచ్చే తరుగు మాటకి బదులు చెప్పొచ్చు. సంఘానికి సొంత కాంటా లేకుండా మొదటి బస్తా కూడా బయటికి పంపొద్దు.

పొడి అని తరుగు కట్టినప్పుడు ఆ పొడిని మనకి తిరిగి ఇవ్వాలని కాగితంలో రాయించండి. డబ్బు ఇవ్వకుండా పొడి ఉంచుకోవడం చాలాచోట్ల మామూలైపోయింది. ఆ పొడి పారేసేది కాదు. గంజి కలిపి ముద్దలు చేసి ఎండబెడితే ఆరుబయట కుంపట్లోకి బాగా పనికొస్తుంది, ఇస్త్రీ బండ్లవాళ్ళు కొనుక్కుంటారు. కాగితాలు తెచ్చినవాళ్ళు భోజనాలయ్యాక ఆ వరండాలోకి రండి, ఒక్కొక్కటీ చదివి చూద్దాం.